ఆమేన్ చెప్పడానికి ఇంకొకరు

టానర్స్ ఫెర్రీ,
ఆగస్టు 28, 2024

ప్రియమైన ఫాదర్ పెన్నిమన్ గారికి,

ఫోన్ చేస్తే మీకు సగం వినపడదు, ఈమెయిల్ తెరవరు. అందుకే ఈ కాగితం. అయినా ఎవరినైనా కడిగేయాలంటే కాగితమే మేలు, మధ్యలో అడ్డు తగిలేవాళ్లుండరు.

మీరు ముప్ఫై తొమ్మిదేళ్లు నడిపిన సెయింట్ కత్‌బర్ట్ సంఘాన్ని, గురువు పదవితో సహా నా చేతికిచ్చి ఏడాది కావొస్తోంది. మొన్న ఆదివారం తలలు లెక్కపెట్టాను. ముప్ఫై ఒక్కరు, ఆర్గాన్ వాయించే ఆవిడతో కలిపి. నిన్న కమిటీలో మన కోశాధికారి ఓర్విల్ లేచి, "మదర్, చర్చిని వెచ్చబెట్టే బాయిలర్ పోయింది. నలభై ఏళ్లుగా తన్ని నడిపిస్తున్నా. ఇవాళ తంతే నా మోకాలే పట్టేసింది, అది మాత్రం కదల్లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తరవాత, వచ్చే ఈస్టర్ దాటితే చర్చి తలుపు తెరిచే స్థోమత కూడా ఉండదని అదే గొంతుతో చెప్పాడు. అప్పుడెవరూ నవ్వలేదు.  ఇన్నాళ్లూ ఒక్కరూ ఈ మాట పైకి అనలేదు! మీ హయాంలోనే తెలుసట అందరికీ. మాట్లాడటం మర్యాద కాదని ఊరుకున్నారట.

నాకు తోచిన దారి ఇది. చర్చికి దక్షిణాన మీ గులాబీ తోట ఉందే, ఆ స్థలం అమ్మేద్దాం. తక్కువ అద్దె ఇళ్లు కట్టే సంస్థ ఒకటి పన్నెండు ఇళ్లు కడతానంటోంది. వారాంతపు బంగళాల కోసం నగరం నుంచి వచ్చినవాళ్లు అద్దెలు ఆకాశానికెత్తేశారు. తోళ్ల ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్ల మనవలు మన పార్కింగులో కార్లలో పడుకుంటున్నారు. మనమేమో గులాబీలకు నీళ్లు పోస్తున్నాం. ఇది సువార్త అని ఎవరైనా నాకు రుజువు చేయండి.

అడ్డుపడేది ఒక్కరే. మన సంఘ పెద్ద మిసెస్ స్టౌటన్. ఎనభై ఎనిమిదేళ్లు, ఇస్త్రీ చెడని కోటు.

"ఆ నేల జోలికి వెళ్లొద్దు."

"ఎందుకో చెప్పండి."

"వెళ్లొద్దన్నాను కదా, అమ్మాయ్."

అంతే! ప్రభు బల్ల దగ్గరా ఇదే దర్జా. అందరూ ఒకే గిన్నెలోంచి ద్రాక్షారసం తాగేదాకా కదలదు. చివర్న రాణిలా నడిచొచ్చి, గిన్నెలో మిగిలింది ఖాళీ చేసి వెళ్తుంది. మీ మాటైతే వింటుంది. ఆమెకు ఒక్క ఉత్తరం రాయరూ?

కోపంగా, అయినా ప్రేమగా,
రొవీనా

*

బెల్‌మీడ్ వృద్ధాశ్రమం,
సెప్టెంబరు 5

అమ్మా రొవీనా,

నీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర చదివాను. ఇక్కడి చికెన్ పులుసు కంటే వేడిగా ఉంది. కృతజ్ఞతలు.

నేను రాయలేను. పదవి దిగిన రోజున బిషప్ గారి ముందు కాగితం మీద సంతకం పెట్టాను. పాత గురువు పాత సంఘంలో అడుగు పెట్టకూడదు, అక్కడి వ్యవహారాల్లో వేలు పెట్టకూడదు. ఆ నియమం ఎందుకుందో నీకూ తెలుసు. పాతవాడు నోరు విప్పితే కొత్తవాళ్లు బతకలేరు. కాబట్టి నలభై మైళ్ల దూరంలో కూర్చుని టమాటాలు పెంచుకుంటున్నాను. నాలుగు కాశాయి. మూడు ఉడత తింది.

విన్నిఫ్రెడ్ స్టౌటన్‌తో వాదించకమ్మా. పక్కన కూర్చో. ఆమె మాట్లాడేదాకా కూర్చో. ఏళ్లు పట్టినా సరే.

ఒక్క సంగతి, తోటమాలిగా చెబుతున్నాను, గురువుగా కాదు. ఆ గులాబీల దగ్గర ఎవరినీ లోతుగా తవ్వనీయకు. 1997 వేసవిలో దైవశాస్త్ర విద్యార్థినిగా నా దగ్గరకు వచ్చినప్పుడు రోజూ వాటికి నీళ్లు పోసింది నువ్వే. గుర్తుందా? ఒక్క మొక్క కూడా ఎండలేదు. దానికి నేను సరిగ్గా కృతజ్ఞత చెప్పనేలేదు.

నీ శ్రేయస్సు కోరే,
ఎల్డ్రెడ్ పెన్నిమన్

*

టానర్స్ ఫెర్రీ,
సెప్టెంబరు 24

ప్రియమైన ఫాదర్ గారికి,

మునిగిపోతున్న పడవ నుంచి కేక వేస్తే, మీరు ఉడత కథ చెప్పారు.

ఓటింగ్ అయిపోయింది. ఆరుగురు అమ్మాలన్నారు, ఒక్కరు వద్దన్నారు. బిషప్ గారూ ఒప్పుకున్నారు. నవంబరు నాలుగున సంతకాలు. ఓట్లు లెక్కపెట్టాక మిసెస్ స్టౌటన్ చేతి తొడుగులు ఒక్కో వేలూ సర్దుకుంటూ తొడుక్కుని, "ఆ నేల అమ్మడానికి మీది కాదు" అంది. "మరి ఎవరిదండీ?" అన్నాను. ఆమె తలుపు వైపు నడిచింది. ఓర్విల్ తల దించుకుని బూట్లకేసి చూస్తున్నాడు. ఆ గదిలో అందరికీ ఏదో తెలుసు, నాకొక్కదానికే తెలియదు అనిపించింది. చిన్న ఊళ్ల జబ్బు ఇదే కాబోలు.

నా నేరాలన్నీ ఒకేసారి ఒప్పుకుంటాను. నవంబరులో మృతుల దినాన చదివే పేర్ల పట్టికను కూడా దిద్దాను. కొత్త ఆరాధన పుస్తకం అచ్చుకు వెళ్తోంది. రెండు వందల పేర్లు చదివేసరికి పిల్లలు బెంచీల కింద దూరి ఆడుకుంటున్నారు. సమాధుల రిజిస్టరులో ఉన్నవాళ్లనే ఉంచాను. రిజిస్టరులో లేని పేర్లు పదకొండు తేలాయి. ఇంటిపేర్లు లేవు, తేదీలు లేవు. డెనిస్, కర్టిస్, ఫెలిక్స్, నీల్... లాయిడ్ అయితే రెండుసార్లు ఉంది, టైపు చేసినవాళ్ల పొరపాటు. ఎవరని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. కొట్టేశాను.

బతికున్నవాళ్లకు చోటివ్వడానికి చనిపోయినవాళ్లు కాస్త జరగాలి. క్రూరంగా ఉందా? కారు వెనక సీట్లో హోంవర్కు చేసుకునే పిల్లను ఒకసారి చూసి, అప్పుడు చెప్పండి.

రొవీనా

*

బెల్‌మీడ్,
అక్టోబరు 1

అమ్మా రొవీనా,

రెండే ప్రశ్నలు. పదకొండు పేర్లూ తీసేశావా, కొన్ని ఉంచావా? పుస్తకం అచ్చయిపోయిందా?

లాయిడ్ రెండుసార్లు ఉండటం పొరపాటు కాదు.

ఇంతకు మించి రాసే హక్కు నాకు లేదు. ఉందేమో, తెలియడం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

ఎల్డ్రెడ్

*

టానర్స్ ఫెర్రీ,
అక్టోబరు 19

ఫాదర్ పెన్నిమన్ గారికి,

పదకొండూ తీసేశాను. పుస్తకం అచ్చయింది. పొడుపు కథలు విప్పే తీరిక నాకు లేదు, చెప్పాలనుకుంటే సూటిగా చెప్పండి.

పదిహేనో తారీఖున మట్టి పరీక్షవాళ్లు వచ్చారు. ఇనుప గొట్టాన్ని నేలలోకి దింపి, లోపలి మట్టిని పొరలుపొరలుగా ప్లాస్టిక్ గొట్టాల్లోకి తీస్తారు. పునాది నిలబడుతుందో లేదో తేల్చడానికి. నాలుగు చోట్ల తీయాలన్నారు, అన్నీ గులాబీల మధ్యే. మూడు అయ్యాయి. అప్పుడు వర్షంలో గొడుగు లేకుండా మిసెస్ స్టౌటన్ వచ్చింది. "ఆపండి" అంది. మిషను ఆగలేదు. ఆ మనిషి, ఇస్త్రీ చెడని ఆ మనిషి, నాలుగో గుర్తు పెట్టిన చోట బురదలో కూలబడింది. మిషను కుర్రాడు బిక్కచచ్చిపోయి నాకేసి చూశాడు. ఓర్విల్ వెళ్లి, "లే విన్నీ, జ్వరం వస్తుంది" అంటూ ఎత్తి పట్టుకున్నాడు. ఆమె అతన్ని చూసిన చూపు నేనెన్నడూ ఎరగను. "నువ్వా? నువ్వు నన్ను ముట్టుకోకు" అంది.

నిజం చెప్పనా? ఆమె తరఫున నాకు సిగ్గేసింది. పూలమొక్కల కోసం ఇంత గోలా అని.

ఆ కోపంలో కార్యాలయంలో కూర్చుని మీ ప్రసంగాల ఫైళ్లు తీశాను. 1984 నుంచి అన్నీ ఉన్నాయి. ఎయిడ్స్‌తో దేశమంతటా కుర్రాళ్లు పిట్టల్లా రాలిపోయిన కాలం అది. పదేళ్ల ప్రసంగాల్లో ఆ మాట ఒక్కసారైనా వస్తుందేమోనని వెతికాను. రాలేదు. గొర్రెలున్నాయి, ఆవగింజ ఉంది, వసంతకాలం బోలెడుంది. ఇదండీ మన సంఘం జబ్బు! ఎవరి మనసూ నొప్పించకుండా, ఎవరి పక్షానా నిలబడకుండా, టీ కప్పు తొణకకుండా ముప్ఫై తొమ్మిదేళ్లు. నాకు గిన్నె పట్టుకోవడం నేర్పిన మనిషి మీరు. అందుకే ఇంత బాధ.

నవంబరు నాలుగున సంతకం పెడతాను. గులాబీలకు మీరేమైనా వీడ్కోలు చెప్పుకోవాలంటే ఇప్పుడే చెప్పండి.

రొవీనా కిట్రెడ్జ్

*

బెల్‌మీడ్,
అక్టోబరు 25

రొవీనా,

సంతకం పెట్టకు. ఇది చదివాక నీ ఇష్టం. చదివేదాకా పెట్టకు.

ఆ తోటలో పదకొండు మంది ఉన్నారు.

1987 మార్చిలో నగరం నుంచి ఒక అంత్యక్రియలవాడు ఫోన్ చేశాడు. మన ఊరి కుర్రాడు, డెనిస్, ఎయిడ్స్‌తో పోయాడు. దహనం చేశారు. బూడిద మూడు నెలలుగా అలమరలో ఉంది. తల్లిదండ్రులు రారు, వాళ్ల చర్చి వద్దంది. నేను మన కమిటీ ముందు అడిగాను. ఒక మూల స్మారక తోట వేద్దామన్నాను. అప్పటి సంఘ పెద్ద విన్నిఫ్రెడ్ భర్త హ్యారిస్ స్టౌటన్. మంచి మనిషే. "ఫాదర్, వాళ్లను ఇక్కడ పెడితే జనం గిన్నె ముట్టుకోరు" అన్నాడు. సభ్యులు కానివారిని ఈ నేలలో పాతకూడదని తీర్మానం రాశారు. అందరూ చేతులెత్తారు.

నేను వాదించలేదు. గులాబీ మొక్క కొన్నాను.

మన పద్ధతి నీకు తెలుసు. పెట్టె లేకుండా, కుండ లేకుండా, బూడిదను తిన్నగా మట్టిలో కలుపుతాం. మన్నుకు మన్ను. కాబట్టి ఇప్పుడు తవ్వి మరో చోటికి మార్చడానికి అక్కడ ఏమీ లేదు. ఆ మట్టే వాళ్లు. ఆరేళ్లలో పదకొండు మంది. ఇద్దరి పేరు లాయిడ్, ఒకరు బస్సు డ్రైవరు, ఒకరు పియానో సరిచేసేవాడు. రిజిస్టరులో రాస్తే తీర్మానం మీరినట్టు తెలిసిపోతుందని రాయలేదు. ఏడాదికోసారి రెండు వందల పేర్ల మధ్య వాళ్ల పేర్లు చదివాను. అదే వాళ్ల సమాధి రాయి. దాన్నే నువ్వు కొట్టేశావు. నీకు తెలియదు. తెలియనివ్వనిది నేను.

మొదటిసారి ఒంటరిగా నిలబడి ప్రార్థన చదివాను. చివర ఆమేన్ చెప్పేవాళ్లు లేరు. నా ప్రార్థనకు నేనే ఆమేన్ అనుకుంటే అది ప్రార్థనలా అనిపించలేదు. ఆ తరవాత రెండేళ్లకు ఒకరు వచ్చారు. అప్పటి నుంచి ప్రతిసారీ నా పక్కన నిలబడి ఆమేన్ చెప్పారు. ఎవరో చెప్పలేను. అది నాకు పాపపు ఒప్పుకోలులో తెలిసిన సంగతి. నా నాలుక కోసినా రాదు.

ప్రసంగాల గురించి నువ్వన్నది నిజం. ఆ మాట పలకలేదు. పలికితే ఎవరైనా తోటకేసి చూస్తారని భయం. తరవాతి రోజుల్లో చెప్పి ఉండొచ్చు, కాలం మారింది, జనం మారారు. కానీ ఇరవై ఏళ్లు దాచినవాణ్ని ఎందుకు దాచావని అడుగుతారు కదా. నా మౌనానికి నియమం అని పేరు పెట్టుకున్నాను, ఆ పేరు వినడానికి బాగుంది. నువ్వు మట్టి తీయించావని చదివాక ఇక ఆ పేరు పనికిరాలేదు.

మూడు గుంతలు ఎక్కడెక్కడ తవ్వారు? చెప్పకు. కాదు, చెప్పు.

ఎల్డ్రెడ్

*

టానర్స్ ఫెర్రీ,
నవంబరు 5

ప్రియమైన ఫాదర్,

మీ ఉత్తరం వాకిట్లో నిలబడి చదివాను. ఎంతసేపు అలాగే నిలబడ్డానో తెలియదు. పోస్టు వ్యాను వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది, డ్రైవరు దిగి, "మదర్, ఒంట్లో బాగుందా?" అన్నాడు. పాతికేళ్లుగా పేదలు, వెలివేయబడ్డవాళ్లు అని గొంతు చించుకుంటున్నదాన్ని. వెలివేయబడ్డవాళ్ల గుండెల్లో ఇనుప గొట్టం దింపించింది నేను. వాళ్ల పేర్లు ఎర్ర సిరాతో కొట్టేసింది నేను. ఇరవై ఆరేళ్ల వయసులో వాళ్లమీద నీళ్లు పోస్తూ పాటలు పాడింది కూడా నేనే.

అప్పటికప్పుడు కారు తీసి మట్టి పరీక్షల ల్యాబుకు వెళ్లాను. కౌంటరు దగ్గరి అబ్బాయి, "రిపోర్టు మెయిల్లో వస్తుందండీ" అన్నాడు. "రిపోర్టు కాదు, నా మట్టి నాకిచ్చెయ్" అన్నాను. పిచ్చిదాన్ననుకున్నాడు. ఇచ్చాడు. మూడు గొట్టాలూ ఇప్పుడు నా భోజనాల బల్ల మీద ఉన్నాయి. పైన తెల్ల గుడ్డ కప్పాను. ఆ బల్ల దగ్గర తినలేకపోతున్నాను.

శనివారం, మృతుల దినాన, కొత్త పుస్తకం పక్కన పెట్టి పాత పట్టిక చదివాను. డెనిస్. లాయిడ్. లాయిడ్. కర్టిస్. నీల్ దగ్గరికి వచ్చేసరికి, రెండో బెంచీలో మిసెస్ స్టౌటన్ లేచి నిలబడింది.

"ఇంటిపేరు కూడా చదవండి" అంది. "నీల్ స్టౌటన్. ముప్ఫై ఒక్కేళ్లు. నా కొడుకు."

 న్యూయార్క్‌లో పోయాడు, అక్కడే ఖననం చేశామని ఊరంతా విన్న మాట. ఆమె నిలబడే చెప్పింది. 1989 ఈస్టర్‌కు నీల్ ఇంటికొచ్చాడు, కర్రలా అయిపోయి. మోకరించి గిన్నె తాగాడు. అతని వెనకున్న వరసంతా చెదిరిపోయింది. ఒక్కొక్కరే తమ చోటికి వెళ్లిపోయారు. తండ్రి కూడా. "అప్పుడు నేను వెళ్లాను. గిన్నెను వాడి పెదవులు తాకిన చోటికే తిప్పి తాగాను. అందరూ వెళ్లిపోయాక వాడొక్కడు మిగిలిపోయాడు కదా, ఆ చివరి చోట అప్పటి నుంచి నేనుంటున్నాను. మీరు దర్జా అనుకున్నారు. అనుకోండి, నాకేం?" ఆఖరి మాట నాకేసి చూసి అంది.

రాణిలా నడిచొచ్చి, గిన్నె ఖాళీ చేసి వెళ్తుందని. నేను మీకు అలాగే రాశాను, గుర్తుందా? నాకు గుర్తుంది.

మీరు చెప్పలేని సంగతి ఆమే చెప్పింది. ఆమేన్ చెప్పింది తనేనని. నీల్‌తో మొదలై ఎనిమిది మందికి.

తరవాత హాల్లో కాఫీ ఎవరూ పోసుకోలేదు. ఓర్విల్ ఆమె కుర్చీ ముందు నిలబడ్డాడు. "విన్నీ, ఆ రోజు వరసలోంచి తప్పుకున్నవాళ్లలో నేనొకణ్ని."

"తెలుసు. నీలం కోటు వేసుకున్నావు."

"భయపడ్డాను."

"అదీ తెలుసు. కూర్చో ఓర్విల్, మోకాలు నొప్పి కదా."

క్షమించిందా అని అడక్కండి. కూర్చోమంది, అంతే.

నేను లేచి అమ్మకం రద్దు చేద్దామన్నాను, చర్చి మూతపడినా సరే. కళ్లనీళ్లతో గొప్ప ప్రసంగమే మొదలుపెట్టాను. మిసెస్ స్టౌటన్ మధ్యలోనే ఆపేసింది.

"మరి కార్లలో పడుకునే పిల్లలో? నవంబరొచ్చింది. నీ కన్నీళ్లు కప్పుకుంటారా?" అంది. "తోట వదిలెయ్యండి. చర్చి అమ్మెయ్యండి. ఈ హాలు, ఆ గోపురం, ఓర్విల్ గారి దిక్కుమాలిన బాయిలర్, అన్నీ. గోడలు గట్టివే, లోపల గదులు కట్టుకోమనండి. మనం ముప్ఫై ఒక్కరం. లూథరన్ల చర్చి మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటుంది, అక్కడ ఆరాధన చేసుకుందాం. నా కొడుకు చర్చి లోపల లేడు, బయట ఉన్నాడు. ముప్ఫై అయిదేళ్లుగా నేను ప్రార్థించింది బయటే."

 ఈ ఏడాదంతా ఆ గోడల్ని కాపాడటానికే కదా పోట్లాడాను. అభ్యుదయమంతా నా సొత్తే అనుకున్నాను. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి నన్ను దాటి రెండు మైళ్లు ముందుకెళ్లి నిలబడింది. చేతులు లేపమంటే ఏడుగురూ లేపారు. ఓర్విల్ రెండు చేతులూ లేపాడు. నిన్న సంతకాలు జరగలేదు. కట్టేవాళ్లు ముందు నవ్వారు, తరవాత భవనం కొలతలు అడిగారు. బిషప్ గారు ఇంకా నోరు తెరవలేదు. రేపు వెళ్లి తెరిపిస్తాను. మూతపడే చర్చికి ఆఖరి గురువుగా నా పేరే ఉండొచ్చు. ఉండనీయండి.

ఇక మీ సంగతి. ఆ పదకొండు మందికి చోటిచ్చిన మనిషికి నమస్కరిస్తాను. ఒక తల్లిని ముప్ఫై అయిదేళ్లు గులాబీల చాటున ఏడవనిచ్చిన మర్యాదను మాత్రం క్షమించలేను. రెండూ మీరే. ఎలా సర్దుకోవాలో నాకింకా తెలియదు.

మూడో గుంత ఎక్కడో అడిగారు. నీల్ గులాబీకి జానెడు దూరంలో.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మట్టిని తిరిగి మట్టిలో కలుపుతాం. రిజిస్టరులో పదకొండు పేర్లూ రాస్తాను, రెండు లాయిడ్‌లతో సహా. ప్రార్థన నేను చదువుతాను. మిసెస్ స్టౌటన్‌ను ఆమేన్ చెప్పమంటే, "ఈసారి నేను తల్లిగా నిలబడతాను. ఆమేన్ ఇంకెవరైనా చెప్పాలి. ఎల్డ్రెడ్‌ను రమ్మను" అంది.

తొమ్మిదింటికి ఓర్విల్ కారు మీ గుమ్మం ముందుంటుంది. బిషప్ కాగితం సంగతి నాకు వదిలెయ్యండి. కోటు వేసుకోండి, చలిగా ఉంటుంది. మర్యాద మాత్రం అక్కడే వదిలేసి రండి.

మీ విద్యార్థిని,
రొవీనా